ఆగినా ఒకటే బండి

బండి ఆగిపోయింది. అదీ ఆగకూడని చోట, ముందు చక్రాలు రోడ్డు మీది నల్లటి పట్టీని సరిగ్గా ఎక్కిన చోట.

చిట్టి తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. వీపు వెనక పెట్టుకున్న దిండు జారి నడుము కిందికి వచ్చింది. ఆ దిండు లేకపోతే ఆమె కాలు క్లచ్‌ను అడుగంటా తొక్కలేదు. పుట్టింట్లో ఎత్తు చూసి పెట్టిన ముద్దుపేరు అత్తింట్లో కూడా అలాగే నిలిచిపోయింది, ఎదిగిందేమీ లేదు కనుక.

రోడ్డు పక్కన ఉన్నవాళ్లంతా ఆమె వైపే చూస్తున్నారు. పచ్చజెండా పట్టుకున్న పనివాడు, ఇనుప పెట్టె ముందు మడతకుర్చీ వేసుకుని కూర్చున్న ఇంజనీరు, ఆయన భుజం మీదుగా తెరలోకి తొంగిచూస్తున్న కంపెనీ మనిషి. కాస్త ఎడంగా సిమెంటు దిమ్మ మీద ఆమె భర్త తల పక్కకు వంచి కూర్చున్నాడు. ఆయన చూడటం లేదు, వింటున్నాడు. ఈమధ్య ఆయనకి ఎదుటి మనిషి మొహం మంచులో నిలబడ్డట్టు అలికినట్టుగా ఉంటోంది. ఇంజను చప్పుడు మాత్రం మునుపటికన్నా స్పష్టంగా వినిపిస్తోంది.

"క్లచ్చి! క్లచ్చి తొక్కి తిప్పు!" అని అక్కణ్నుంచే కేకేశాడు.

"తొక్కానండీ!"

"పూర్తిగా తొక్కు! పూల మీద నడిచినట్టు పెడతావేం కాలు!"

జెండా పనివాడు నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. చిట్టి ఈసారి నేల తగిలేదాకా తొక్కింది. ఇంజను అందుకుంది. కానీ అక్కడ రోడ్డు కొంచెం ఎత్తు. బ్రేకు మీంచి కాలు తీసీ తీయకముందే బండి జానెడు వెనక్కి దొర్లింది. కంగారులో క్లచ్ వదిలేసింది. బండి ఒక్క గెంతు గెంతి పట్టీ దాటింది, దాటి మళ్లీ ఆగిపోయింది. వెనక చక్రాలు ఇంకా ఇవతలే ఉన్నాయి.

అది ఇంకా రాకపోకలకు తెరవని కొత్త రోడ్డు. దాన్ని అడ్డంగా కోసి, లోపల తీగచుట్టలు పరిచి, వాటి మధ్య ఈ పట్టీ బిగించారు. మీదుగా ఏ బండి వెళ్లినా దాని పొడవెంత, ఇరుసులెన్ని, అది కారా, బస్సా, లారీయా అన్నది పక్కనున్న పెట్టె తేల్చి తెర మీద చూపించాలి. పెట్టె చేసింది కంపెనీ. అది చెప్పేది నిజమో కాదో పరీక్షించాల్సింది ఇంజనీరు. అందుకోసం రకానికో బండిని బాడుగకు పిలిపించారు. చిన్న సరుకు బండికి ఒప్పుకున్నది చిట్టి భర్త. ఆయన ఒప్పుకున్నాడు గానీ తీరా పరీక్ష రోజుకి ఆయన కళ్లు ఒప్పుకోలేదు. ఇక నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సిరా ఆరని లైసెన్సు జాకెట్లో దోపుకుని చిట్టి వచ్చింది.

"ఈ రన్ లెక్కలోంచి కొట్టేయండి సార్. డ్రైవర్ తప్పు," అన్నాడు కంపెనీ మనిషి.

ఇంజనీరు తల ఎత్తలేదు. "తెర మీద ఏం పడింది?"

"అదీ... మూడిరుసుల లారీ ఒకటి. దాని వెనకాలే ఇంకో కారు."

ఇంజనీరు కుర్చీలోంచి లేచి, టోపీ సరిచేసుకుని బండి దగ్గరికి వచ్చాడు. బండి చుట్టూ ఓసారి తిరిగి, వంగి కింద చూశాడు. తర్వాత కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఈ బండికి ఇరుసులెన్ని?"

"రెండే సార్."

"నడుస్తుంటే ఇంకోటేమైనా మొలుస్తుందా?"

ఆయన మొహంలో నవ్వు లేదు. చిట్టికి అది హాస్యమో మందలింపో తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పయిపోయింది సార్. ఇంకొక్కసారి చూడండి. ఈసారి ఆగనివ్వను."

"ఆగినా ఫరవాలేదు. మళ్లీ రండి," అని ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది. ముందు వెళ్లిన కారు, బస్సు, ట్రెయిలర్ లారీ నీళ్ల మీద పడవల్లా జారిపోయాయి. ట్రెయిలర్ డ్రైవరు అయితే ఒంటి చేత్తో తిప్పుతూ, రెండో చేత్తో మీసం దువ్వుకుంటూ వెళ్లాడు. చిట్టి వంతు వచ్చినప్పుడల్లా భర్త గొంతు లేవడం, ఇంజను దగ్గడం, పెట్టె ఏదో ఒక కొత్త బండిని పుట్టించడం. ఒకసారి వాళ్ల బండిని బస్సు అంది.

భోజనాల వేళ అందరూ బస్సు నీడకు చేరారు. చిట్టి క్యారేజీ విప్పి, భర్త చేతిని తెచ్చి గిన్నె అంచుకు ఆనించింది. కంపెనీ మనిషి చేతులు కడుక్కుని వాళ్ల దగ్గరికే వచ్చాడు. కుర్రతనం పోని మొహం, మర్యాదగానే మాట్లాడాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. మీ బాడుగ మీకు పూర్తిగా వస్తుంది. మీరు నీడన కూర్చోండి. మధ్యాహ్నం నుంచి మీ బండి మా డ్రైవరు నడుపుతాడు. మీకూ శ్రమ తప్పుతుంది."

చిట్టి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి ఏదైనా అనగలిగేది. ఇంత మెత్తగా చెబితే ఏమనాలి? భర్త వైపు చూసింది. ఆయన మెతుకులు వెతుక్కుంటున్నట్టు గిన్నెలో వేళ్లు కదుపుతున్నాడు.

"పోనీలే చిట్టీ," అన్నాడు చివరికి. "నీకూ తేలికవుతుంది."

ఆ మాట ఆమెకు తల కొట్టేసినట్టయింది.

బస్సు మెట్టు మీద కూర్చుని తింటున్న ఇంజనీరు నములుతూనే అడిగాడు. "ఎవరు నడుపుతారంటున్నారు?"

"మా డ్రైవర్, సార్. అనుభవమున్నవాడు. ఈవిడ వల్ల మా యంత్రానికి అనవసరంగా చెడ్డపేరు వస్తోంది."

"షరతుల్లో ఏముంది? పరీక్షకొచ్చే బండిని రోజూ దాన్ని నడిపేవాళ్లే నడపాలి. అవునా?"

"ఉంది సార్. కానీ..."

"ఆ బండిని రోజూ ఎవరు నడుపుతారు?"

కంపెనీ మనిషి చిట్టి భర్త వైపు చూశాడు. బస్సు డ్రైవరు, ట్రెయిలర్ డ్రైవరు తినడం ఆపి చూస్తున్నారు. చిట్టికి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నేనే సార్. ఇవాళ్టి నుంచి."

ట్రెయిలర్ డ్రైవరు పకపకా నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఇంజనీరు మాత్రం నవ్వలేదు. కంపెనీ మనిషితో అన్నాడు: "మీ యంత్రం అనుభవమున్నవాళ్లకే పనిచేస్తుందని రాసిచ్చేయండి. రోడ్డు మొదట్లో బోర్డు పెట్టిద్దాం, కొత్తవాళ్లు ఈ దారిన రాకూడదని."

భర్త గిన్నెలో వేళ్లు ఆగాయి. తల కొంచెం పైకి లేచింది. చిట్టి చేతిలో ముద్దను నోట్లో పెట్టుకుంది. చాలా ఆకలిగా ఉందని అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మరిది గుమ్మంలోనే ఉన్నాడు. రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే. ఇటు తుమ్మితే అటు వినిపిస్తుంది. లోపల తోటికోడలు వీళ్ల స్టవ్వు మీదే టీ పెడుతోంది.

"రోడ్డు మధ్యలో ఆగిపోయావట కదా వదినా?"

"నీకప్పుడే ఎవరు మోశారు?"

"జెండా పట్టుకున్నవాడు నాకు తెలిసినవాడేలే." అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. "నా మాట వినండి ఇద్దరూ. బండి కొంటానన్న మనిషి ఆదివారం వస్తానన్నాడు. ఇచ్చేద్దాం. అన్నయ్య కళ్లు ఎలాగూ ఇలా అయ్యాయి. రేపు నీకేమైనా అయితే అన్నయ్యని ఎవరు చూస్తారు వదినా? నేను చెడ్డకి చెప్పడం లేదు."

చెడ్డకి చెప్పడం లేదని చిట్టికీ తెలుసు. ఆసుపత్రికి అన్నను వెంటబెట్టుకు తిరుగుతున్నది అతనే. అందుకే ఎదురు చెప్పడం మరీ కష్టమైంది. పమిట చెంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది.

భర్త తాళాల గుత్తిని వేళ్లతో ఒక్కొక్కటీ తడుముతున్నాడు. ఇంటి తాళం, గేటు తాళం, బండి తాళం. బండి తాళం దగ్గర వేలు ఆగింది.

"ఎన్నిసార్లు ఆగిందో నీ జెండావాడు చెప్పుంటాడు. ఎన్నిసార్లు స్టార్టయిందో చెప్పాడా?" అన్నాడు తమ్ముడితో.

"అదేంటన్నయ్యా?"

"ఆగినన్నిసార్లూ అయింది. ఎవ్వడూ ఎక్కి తీయలేదు. తనే తీసింది. నేను విన్నాను." భార్య ఉన్న వైపుగా తిరిగాడు. "నేను అరిచినప్పుడల్లా ఇంకోసారి ఆగింది. అదీ విన్నాను. రేపు అరవనులే."

"మీరు అరవకపోతే నాకు తోచదేమో," అంది చిట్టి.

టీ గ్లాసులు తెచ్చిన తోటికోడలు చిట్టికి గ్లాసు అందిస్తూ చెవిలో గొణిగింది. "అక్కా, గెంతినప్పుడు లోపల ఎలా ఉంటుంది? భయమా?"

"తల వెళ్లి పైకప్పుకు కొట్టుకుంటుంది."

"నీకా?" అని తోటికోడలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. చిట్టికీ నవ్వొచ్చింది.

మర్నాడు భర్త అన్న మాట నిలబెట్టుకున్నాడు. దిమ్మ మీద పెదవులు బిగబట్టి కూర్చున్నాడు. కేక తోసుకొచ్చినప్పుడల్లా నీళ్ల సీసా ఎత్తి తాగాడు. పొద్దెక్కేసరికి సీసా ఖాళీ అయింది.

ఇంజనీరు జెండా పనివాణ్ని పిలిచి చెప్పాడు. "అందరికీ నువ్వు ఊపితే వాళ్లు కదులుతారు. ఆమెకి మాత్రం ఆమె తల ఊపాకే నువ్వు జెండా ఊపు."

మొదటిసారి అలా జరిగినప్పుడు చిట్టికి నమ్మకం కలగలేదు. ఎదురుగా జెండా దించుకుని మనిషి నిలబడ్డాడు. వెనక బస్సు ఆగి ఉంది, దాని వెనక ట్రెయిలర్. ఎవరూ హారన్ కొట్టలేదు. ఆమె దిండు సర్దుకుంది. అద్దం సరిచేసుకుంది. గేరు వేసి, తీసి, మళ్లీ వేసింది. ఇంతమంది తన కోసం ఆగి ఉండటం ఆమె ఎరగదు. ఎప్పుడూ తనే ఒకరి కోసం ఆగింది, వంటింట్లో, ఆసుపత్రి వరండాలో, బస్టాపులో. నెమ్మదిగా తల ఊపింది. జెండా లేచింది.

ఆ రోజు పరీక్షలన్నీ నెమ్మదివే. ఒక బండి తోక పట్టుకుని ఇంకో బండి వెళ్లడం, పట్టీ మీద పాకుతున్నట్టు వెళ్లడం, మీదికెక్కి నిలబడిపోవడం. చిట్టి ఒక్కోసారి ఆపకుండా దాటింది, ఒక్కోసారి ఆపింది. ఆగి, దొర్లి, గెంతినప్పుడల్లా తెర మీద ఇరుసు మొలుస్తూనే ఉంది. కంపెనీ మనిషి మొహం వాడిపోయింది. పెట్టె తలుపు తీసి, మూసి, ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఇంజనీరు ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"మా తప్పే సార్. లోపల లెక్క మార్చుకుని వచ్చే వారం వస్తాం."

"రండి," అన్నాడు ఇంజనీరు. "ఈ పట్టీ వచ్చి పడేది ఇరుకు రోడ్ల మీద. అక్కడ అందరూ ఇలాగే పాకుతారు."

అందరూ సర్దుకుంటుంటే చిట్టి ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. రాత్రంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీ మేలు మరిచిపోను సార్."

ఆయన చిరాగ్గా చూశాడు. "నేనేం మేలు చేశానమ్మా? షరతుల్లో ఉంది. బండి పట్టీ మీద ఆగినా, వెనక్కి దొర్లినా, మళ్లీ కదిలినా ఒకటిగానే లెక్కపడాలి. మిగతావాళ్లకి ఆగడం చేతకాదు. నటిస్తారు. మీరు నిజంగా ఆగారు. మీరు రాకపోతే ఇది పాసైపోయేది. రేపు ట్రాఫిక్‌లో పాకే ప్రతి చిన్న బండినీ లారీ అని రాసేది. లారీలెక్కువయ్యాయని పగలు సరుకు బండ్లు రానివ్వరు. ముందు మీ పొట్టే కొట్టేవాళ్లు."

చిట్టి తిరిగి ఆ నల్లటి పట్టీ వైపు చూసింది. "ఆ షరతు ఎవరు రాశారు సార్?"

ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "నేనే. షరతులు రాసిన కమిటీలో మిగతావాళ్లందరికీ డ్రైవర్లున్నారు. నేను జుట్టు నెరిశాక నేర్చుకున్నాను. ఏ సిగ్నల్ దగ్గరా బండి ఆగిపోకుండా ఆఫీసుకి వెళ్లిన రోజు లేదు." మొట్టమొదటిసారి పళ్లు కనబడేలా నవ్వాడు. "ఇప్పటికీ ఎత్తు మీద ఆపాలంటే మా ఆవిడ దిగి నడుస్తానంటుంది."

ఆదివారం బండి కొనే మనిషి వచ్చాడు. మరిదే వెంటబెట్టుకొచ్చాడు. వాకిట్లో బండి లేదు. చిట్టి భర్త గుమ్మంలో కాళ్లు బారజాపుకుని కూర్చుని ఉన్నాడు.

"బాడుగకెళ్లింది. ఎవరో ఇల్లు మారుతున్నారట, మంచాలూ బీరువాలూ," అన్నాడు.

"ఎవరు తోలుకెళ్లారు?" అన్నాడు కొనే మనిషి.

"మా డ్రైవరు," అన్నాడు ఆయన. ఆ మాట ఎంత ఇష్టంగా అన్నాడంటే, మరిది కొనేవాడికి టీ తాగించి పంపేశాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

కంపెనీ మనిషి మార్చిన పెట్టెతో వచ్చిన రోజు ఆకాశం మబ్బుగా ఉంది. కార్లు, బస్సు, ట్రెయిలర్ అన్నీ దాటాయి. తెర తడబడలేదు. మిగిలింది చిట్టి ఒక్కతే. ఆమెకు భోజనం తెచ్చిన తోటికోడలు, బైకు మీద దింపిన మరిది కూడా చూస్తూ నిలబడ్డారు.

చిట్టి పట్టీ మీదికి వచ్చి బ్రేకు వేసింది. మొదటిరోజులా ఆగాలని క్లచ్ చటుక్కున వదలబోయింది. కాలు వినలేదు. అది తన మానాన తాను మెల్లగా పైకి లేచింది. బండి వెన్నలా ముందుకు జారిపోయింది.

"ఇంకోసారి అమ్మా," అన్నాడు ఇంజనీరు.

ఇంకోసారీ అంతే. మూడోసారి పళ్లు బిగబట్టి ప్రయత్నించింది. బండి కాస్త వణికింది గానీ ఆగలేదు, దొర్లలేదు. వారం రోజులుగా ఇళ్లు మార్చి, సిమెంటు మోసి, సందుల్లో వెనక్కి తీసి, కాలికి పని అలవాటైపోయింది.

కంపెనీ మనిషి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, దయచేసి మొదటిరోజులా ఒక్కసారి... మీకు వచ్చు కదా!"

"రావడం లేదు బాబూ. ఏం చేయను?"

దిమ్మ మీద భర్త పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "ఇన్నాళ్లూ ఆపొద్దని మొత్తుకున్నాను. ఇప్పుడు ఆపమని బతిమాలుతున్నారు!"

"తాళం తిప్పి ఆర్పేస్తే?" అన్నాడు మరిది.

"అది ఆపడం. నాకు ఆగడం కావాలి. నిజంగా నడపడం రానివాళ్లు కావాలి," అన్నాడు ఇంజనీరు. అని డ్రైవర్లందరి వైపూ చూశాడు. అందరూ తలలు దించుకున్నారు, వచ్చినందుకు సిగ్గుపడుతున్నట్టు.

"నాకు రాదు సార్," అంది తోటికోడలు.

మరిది గిరుక్కున తిరిగాడు. "నీకు లైసెన్సెక్కడిది?"

"నేర్చుకునేవాళ్లకిచ్చే కాగితం ఉంది. అక్కతో కలిసే పరీక్ష రాశాను." హ్యాండ్‌బ్యాగులోంచి తీసి భర్తకు కాక ఇంజనీరుకు ఇచ్చింది. "మీరు కంగారు పడతారని చెప్పలేదు," అంది భర్తతో, కొంచెం గొంతు తగ్గించి.

మరిది నోరు తెరిచి అన్న వైపు చూశాడు. అన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "నువ్వు నీళ్ల సీసా తెచ్చుకున్నావా?" అని అడిగాడు తమ్ముణ్ని. "పక్కన కూర్చో. కేక వచ్చినప్పుడల్లా ఒక గుక్క తాగు."

ఇంజనీరు కాగితం రెండువైపులా చూశాడు. "సరే. రోడ్డు మూసే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ పక్కన అనుభవమున్న డ్రైవరు కూర్చోవాలి. ఎవరున్నారు?"

కంపెనీ మనిషి క్షణం కూడా ఆలోచించలేదు. "ఈవిడ ఉన్నారుగా సార్," అంటూ చిట్టిని చూపించాడు.

తను ఏమన్నాడో అతనికి తెలియనే లేదు, అప్పటికే పెట్టె వైపు పరుగెడుతున్నాడు. చిట్టి మాత్రం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపలాగే కూర్చుంది. తర్వాత పక్క సీట్లోకి జరిగింది.

తోటికోడలు పొడగరి. మోకాళ్లు స్టీరింగుకు తగులుతున్నాయి. సీటు వెనక్కి జరిపి, చిట్టి గేర్లు చూపించింది. జెండా పనివాడు దూరంగా జెండా దించుకుని నిలబడ్డాడు.

"అతనెందుకు ఊపడం లేదక్కా?"

"నువ్వు తల ఊపాలి. అప్పటిదాకా ఆగుతాడు."

"నా కోసమా?"

"నీ కోసమే."

తోటికోడలు తల ఊపింది. బండి ఊగుతూ బయల్దేరి, పట్టీ ఎక్కి, దగ్గి ఆగిపోయింది. వెనక్కి దొర్లింది. "అమ్మో!" అని ఆమె రెండు కాళ్లూ పైకి ఎత్తేసింది. చిట్టి గొంతులోకి తన్నుకొచ్చిన కేక నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, చేతి బ్రేకు లాగింది.

"ఆగిపోయిందక్కా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఏమీ అనరు. ఊపిరి పీల్చుకో. తర్వాత తాళం తిప్పు."

తోటికోడలు ఊపిరి పీల్చుకుంది. ఇంజను అందుకుంది. బండి గెంతింది, ఆగింది, మళ్లీ గెంతి పట్టీ దాటింది. ఆమె తల పైకప్పుకు టప్పున కొట్టుకుంది.

"ఒకటే!" వెనకనుంచి కంపెనీ మనిషి కేక వినిపించింది. "సార్, ఒకటే బండి! రెండిరుసులు! చిన్న సరుకు బండి!"

తల రుద్దుకుంటూ తోటికోడలు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. చిట్టి కిటికీలోంచి వెనక్కి తొంగిచూసింది. కుర్చీలో ఇంజనీరు తల ఎత్తకుండానే ఒక వేలు పైకెత్తి చూపిస్తున్నాడు. అది లెక్క చెప్పడమో, ఇంకొక్కసారి రమ్మనడమో ఆమెకు తెలియలేదు.

"ఏమంటున్నారక్కా?"

"మళ్లీ రమ్మంటున్నారు," అంది చిట్టి. "మెల్లగా తిప్పు. తొందరేం లేదు."